ఎవరినీ ముందుగా వీసా అడగకండి

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది నెల్లూరు. మావారి ఉద్యోగం వల్ల టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో వచ్చి నాలుగు నెలలైంది. నాది హెచ్-4, అంటే మావారి ఉద్యోగ వీసాని బట్టి వచ్చిన డిపెండెంట్ వీసా. తెలుగు చర్చి మాకు చాలా దూరం. ఇంటి పక్కనే ఉన్న స్పానిష్ చర్చివాళ్లు ఎంతో ప్రేమగా రమ్మంటున్నారు. వాళ్ల పిల్లలు చదివే క్రైస్తవ కాలేజీలో నేను కూడా బైబిల్ డిగ్రీ చేయాలనుకుంటున్నాను. మా తమ్ముడు కూడా ఇండియా నుంచి వచ్చి అక్కడే చదువుతానంటున్నాడు. నాకు స్పానిష్ ఒక్క ముక్క రాదు. వాళ్లలో ఇమడగలనా?

జవాబు: సిస్టర్, వందనాలు. ఇమడగలరు. మాది ఒంగోలు. ఈ ఊరొచ్చి పదిహేడేళ్లైంది, అందులో పన్నెండేళ్లు ఒక స్పానిష్ సంఘంలోనే ఆరాధించాను. వీసా సంగతులు తర్వాత చెబుతాను. దానికంటే ముఖ్యమైనది, నేను చేసిన ఒక తప్పు ఉంది. మీరు అది చేయకూడదని ముందు చెబుతున్నాను.

డిసెంబరులో ఆ చర్చి వంటగదిలో తమాలేస్ చేస్తారు. మొక్కజొన్న పొత్తుల ఎండు పొరల్ని ముందు రోజు రాత్రే వేడినీళ్లలో నానేస్తారు. పొద్దున ఒక్కో పొరనీ తుడిచి, నున్నటి వైపు పైకి పెట్టి, మాసా అనే మొక్కజొన్న పిండి ముద్దని చెంచా వెనక భాగంతో పలచగా పూస్తారు. గరుకు వైపు పూస్తే ఉడికాక పొర సరిగ్గా ఊడిరాదు. మధ్యలో ఎర్ర మిరప గుజ్జులో ఉడికించిన పంది మాంసం పెట్టి, మడిచి, పెద్ద గిన్నెలో నిలబెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. డజన్ల లెక్కన అమ్మగా వచ్చిన డబ్బు, సంఘం నుంచి కాలేజీకి వెళ్లే పిల్లల ఫీజులకి వెళ్తుంది.

మొదటి ఏడాది నన్ను కూడా ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పక్కనున్న పెద్దావిడతో మాట కలపాలని, మనవాళ్లతో మాట్లాడినట్టే "మీరు ఏ వీసా మీద వచ్చారు?" అనేశాను. ఆవిడ చెంచా ఆగిపోయింది. చేతులు తుడుచుకుని కాఫీ పోయడానికి లేచి వెళ్లింది. ఆ రోజంతా మళ్లీ నా పక్కకి రాలేదు. సాయంత్రం పాస్టరమ్మ నన్ను పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పింది. ఇక్కడ కొన్ని ఇళ్లలో పిల్లలు ఇక్కడే పుట్టిన సిటిజన్లు, తల్లికి మాత్రం పేపర్లు ఉండవు. కొందరు పేపర్లు లేకుండా చిన్నప్పుడే వచ్చి, అలాంటివాళ్లని వెనక్కి పంపకుండా తాత్కాలికంగా ఉండనిచ్చే, 2012లో మొదలైన డాకా అనే ఏర్పాటు కింద ఉన్నారు. మరికొందరి ముత్తాతలైతే 1845లో టెక్సస్ అమెరికాలో కలవకముందు నుంచీ ఈ నేల మీదే ఉన్నారు. నా ప్రశ్నకి కొందరు భయపడతారు, కొందరు అవమానపడతారు. మనకది కుశలప్రశ్నే కావచ్చు, కానీ ఆ బల్ల దగ్గర అది గాయం చేస్తుంది. వారం తర్వాత వెళ్లి ఆవిడని క్షమించమని అడిగాను.

మిగతా విషయాలు మీరు అనుకున్నంత కొత్తగా ఉండవు. మనం బ్రదర్, సిస్టర్ అనుకున్నట్టే వాళ్లు హెర్మానో, హెర్మానా అనుకుంటారు. మనం వందనాలు అన్నచోట వాళ్లు "దియోస్ లే బెందిగా" అంటారు. దేవుడు మిమ్మల్ని దీవించుగాక అని. మన నువ్వు, మీరు తేడా వాళ్లకి కూడా ఉంది. పెద్దవాళ్లని "తూ" అనకండి, "ఉస్తెద్" అనండి. రాత్రంతా మెలకువగా ఉండి చేసే ప్రార్థనలు వాళ్లకి కూడా ఉన్నాయి. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న వాళ్లని ఇక్కడ హిస్పానిక్ అంటారు, అలా అనగానే అందరూ ఒకటే అనుకోకండి. మెక్సికో వాళ్లు, గ్వాటెమాలా వాళ్లు, పోర్టోరికో వాళ్లు, వెనిజువెలా వాళ్లు వేర్వేరు. యాస వేరు, తిండి వేరు. ఇక ఒకే ఇంట్లో మనవరాలు మన చర్చికి వస్తుంటే, అమ్మమ్మ కాథలిక్కుగా ఉండి గోడకి గ్వాడలూపే మాత (మెక్సికో కాథలిక్కులు కొలిచే మరియమ్మ) పటం పెట్టుకోవచ్చు. భోజనానికి పిలిచిన ఇంట్లో దాని మీద వాదన పెట్టుకోకండి.

కాలేజీల సంగతి. ఈ ఊళ్లో బాప్టిస్ట్ యూనివర్సిటీ ఆఫ్ ది అమెరికాస్ ఉంది. 1947లో మెక్సికన్ బాప్టిస్ట్ బైబిల్ ఇన్‌స్టిట్యూట్‌గా మొదలై, 2003లో ఈ పేరు పెట్టుకుంది. కాథలిక్కుల వైపు 1852 నాటి సెయింట్ మేరీస్, 1895 నాటి అవర్ లేడీ ఆఫ్ ది లేక్ ఉన్నాయి. వాటిలో కూడా హిస్పానిక్ పిల్లలే ఎక్కువ. కాలేజీల గురించి చదివేటప్పుడు "హిస్పానిక్ సర్వింగ్" అన్న మాట కనిపిస్తుంది. దాన్ని మన రిజర్వేషన్‌లా అనుకుని వెనక్కి తగ్గకండి. డిగ్రీ చదివే విద్యార్థుల్లో కనీసం 25 శాతం హిస్పానిక్‌లు ఉన్న కాలేజీకి ఇచ్చే గుర్తింపు అది. సీట్లు ఎవరికైనా ఇస్తారు.

పెంతెకొస్తు వాళ్ల బైబిల్ స్కూళ్లు ఆ బాప్టిస్ట్ యూనివర్సిటీ కంటే పాతవి. 1926లో ఒకటి శాన్ ఆంటోనియోలో, ఒకటి కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో మొదలయ్యాయి. శాన్ డియాగో స్కూలు పెట్టిన ఆలిస్ లూస్ అంతకుముందు మన ఉత్తర భారతంలో మిషనరీగా పనిచేసింది. మచిలీపట్నంలో నోబుల్ కాలేజీ పెట్టిన చర్చ్ మిషనరీ సొసైటీయే ఆమెని కూడా పంపింది. సంఘాన్ని అక్కడి విశ్వాసులే నడిపించాలని, పౌలు చేసింది అదేనని ఆమె 1921లోనే వ్యాసాలు రాసింది. ఆ పట్టుదల వల్లే మెక్సికన్ యువకులు తమ భాషలో చదువుకుని పాస్టర్లయ్యారు.

మీది నెల్లూరు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. అమెరికన్ బాప్టిస్టులు మన నెల్లూరు మిషన్‌ని మూసేద్దామా అని 1853లో తర్జనభర్జన పడ్డారు. పటం మీద ఒంటరిగా ఉన్న ఆ ఒక్క చుక్కని చూసి లోన్ స్టార్, అంటే ఒంటరి నక్షత్రం అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. ఆ మిషన్ నుంచే మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. టెక్సస్‌ని కూడా లోన్ స్టార్ స్టేట్ అంటారు. ఈ సంగతి చెప్పినప్పుడు మా క్లాసులో అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

అవును, నేను కూడా ఇలాంటి ఒక కాలేజీలో చదివాను. రెండేళ్లు సాయంత్రం క్లాసులు. వాళ్ల పాస్టర్లలో చాలామంది పగలు ఇళ్ల పైకప్పులు వేస్తారు, ట్రక్కులు నడుపుతారు. మన పాస్టర్లు కొందరు పగలు ఐటీ ఉద్యోగాలు చేసుకున్నట్టే. అందుకే క్లాసులు సాయంత్రం పెడతారు. మిమ్మల్ని అక్కడ చదవమని గట్టిగా చెప్పడానికి కారణం కూడా అక్కడే దొరికింది. ఒకప్పుడు ఈ రాష్ట్రపు బడుల్లో స్పానిష్ మాట్లాడితే పిల్లల్ని కొట్టేవారు. ఆ దెబ్బలు తిన్నవాళ్లు తల్లిదండ్రులయ్యాక, తమ పిల్లలకి ఆ బాధ వద్దని ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడారు. ఇప్పుడు మనవళ్లు ఆరాధనలో కూర్చుంటారు కానీ ప్రసంగం అర్థం కాదు. తాతని వదలకుండా, మనవడు వెళ్లిపోకుండా సంఘాన్ని ఎలా నడపాలి? ఆ కాలేజీలో ఇది పుస్తకాల ప్రశ్న కాదు, ఇంటి ప్రశ్న. మనల్ని ఎవరూ కొట్టలేదు, అయినా మన తెలుగు సంఘాల పిల్లలు అదే దారిలో ఉన్నారు. ఆదివారం వెనక వరసలో ఫోన్ చూసుకునే పిల్లల్ని మీరూ చూసే ఉంటారు.

మాకు ఇచ్చిన ఒక అసైన్‌మెంట్‌లో ఒకే కుటుంబంలో మూడు తరాల వాళ్లని ఒకే ప్రశ్న అడగాలి: ప్రార్థన మొదట ఎవరు నేర్పారు, ఏ భాషలో? నేను ఒంగోలులో అమ్మకి ఫోన్ చేశాను, తర్వాత మా అమ్మాయిని అడిగాను. మా అమ్మాయి ప్రార్థన అంతా ఇంగ్లీషే. కానీ భయమేసినప్పుడు మాత్రం "పరలోకమందున్న మా తండ్రీ" అని తెలుగులో చెప్పుకుంటుందట. ఫోన్లో అమ్మమ్మ నేర్పిందట. అంతవరకు నాకు తెలియదు. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను.

ఇక పేపర్ల విషయం. హెచ్-4 మీద మీరు వీసా మార్చుకోకుండానే డిగ్రీ చదవొచ్చు, కానీ వర్క్ పర్మిట్ లేకుండా ఉద్యోగం చేయకూడదు. చర్చిలో సేవ చేయండి, జీతంలాంటిది మాత్రం తీసుకోకండి. మీ తమ్ముడికి ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా కావాలి. కాబట్టి ఆ వీసాకి కావలసిన ఐ-20 అనే పత్రాన్ని ఆ కాలేజీ ఇవ్వగలదా లేదా అన్నది మొదటి ప్రశ్న. చర్చిలో సాయంత్రాలు నడిచే బైబిల్ ఇన్‌స్టిట్యూట్ వేరు, అక్రెడిటేషన్ (చదువు నాణ్యతకి అధికారిక గుర్తింపు) ఉన్న కాలేజీ వేరు. పేర్లు ఒకేలా ఉంటాయి, మోసపోకండి. క్లాసులు ఏ భాషలో చెబుతారో కూడా అడగమనండి, కొన్ని కోర్సులు పూర్తిగా స్పానిష్‌లోనే ఉంటాయి. ఎఫ్-1 వాళ్లకి సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని. బయట చర్చిలో వారం వారం కవర్‌లో పెట్టి ఇచ్చే డబ్బు కూడా పర్మిషన్ లేకపోతే ఇబ్బందే. అమెరికా ప్రభుత్వ ఫీజు సహాయం మీ ఇద్దరికీ రాదు. కాలేజీ సొంతంగా ఇచ్చే స్కాలర్‌షిప్ గురించి అడగండి. చదువయ్యాక పాస్టర్‌గా ఉండిపోవాలంటే ఆర్-1 అనే మతసేవకుల వీసా ఉంది. దానికి అదే డినామినేషన్‌లో కనీసం రెండేళ్ల సభ్యత్వం కావాలి, ఐదేళ్లకి మించి ఇవ్వరు. ఫీజు కట్టేముందు కాలేజీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్ల ఆఫీసర్‌తో ఒకసారి మాట్లాడండి.

స్పానిష్ నెమ్మదిగా వస్తుంది. మీ తెలుగు బైబిల్ మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లకండి. ఒక ఆదివారం నన్ను 23వ కీర్తన తెలుగులో చదవమన్నారు. ఆరాధన అయ్యాక, తమాలేస్ బల్ల దగ్గర నేను బాధపెట్టిన ఆ పెద్దావిడే వచ్చి, మన అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. తన పేరు ఈ లిపిలో రాసిమ్మంది. వాళ్లకి రెండు ఇంటిపేర్లు ఉంటాయి, ఒకటి నాన్న వైపుది, ఒకటి అమ్మ వైపుది. రెండూ రాయమంది. తన బైబిల్ మొదటి పేజీలోనే రాయించుకుంది.