ఆరేళ్ళ పిల్లల పుట్టినరోజుకి ఏం కొనాలి?

సందేహం: అక్కా, మేము డాలస్ పక్కన ఇర్వింగ్‌కి వచ్చి కొన్ని నెలలే అయింది. మా వాడు కిండర్‌గార్టెన్. వాడి క్లాసులో ఒక అమెరికన్ బాబుకి ఆరేళ్ళు నిండుతున్నాయని పార్టీకి పిలిచారు. పార్టీ ట్రాంపోలిన్ పార్కులో. ఇక్కడ ఎంతలో కొంటారో, ఏం కొంటారో మాకేమీ తెలీదు. చిన్నది పట్టుకెళ్తే బాగుండదని మా ఆయన వంద డాలర్ల రిమోట్ కారు కొందామంటున్నారు. పోనీ కవర్లో డబ్బులు పెట్టి ఇవ్వొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండమ్మా. వంద డాలర్ల కారు కొనొద్దు. క్లాసులో స్నేహం వరకే అయితే మా వైపు జనం 15 నుంచి 25 డాలర్ల లోపు కొంటారు. అంతకు మించి పెట్టినా మీ గౌరవం ఏమీ పెరగదు, అవతలి తల్లి ఇబ్బంది పడుతుంది. రేపు మీవాడి పుట్టినరోజుకి తనూ అంత పెట్టాలి కాబోలని ఆమెకి లెక్క మొదలవుతుంది. పైగా పిల్లాడు బొమ్మ ధర చూడడు. దాంతో ఆ సాయంత్రమే ఆడుకోవచ్చా లేదా, వాడికి కావాల్సింది అంతే.

ఇంకో మాట. షాపులో అట్టపెట్టె మీద కనిపించే ధరలో టాక్స్ కలిసి ఉండదు. ఇర్వింగ్‌లో సేల్స్ టాక్స్ 8.25 శాతం. 24.99 అని రాసి ఉన్నది బిల్లు దగ్గరికొచ్చేసరికి 27 దాటుతుంది. కొత్తలో అందరూ ఇక్కడే తికమకపడతారు.

కొనే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆహ్వానంలో ఆర్‌ఎస్‌వీపీ అని ఉంటుంది కదా, అంటే వస్తారో రారో చెప్పమని, దానికి వెంటనే జవాబివ్వండి. మన ఊళ్ళో "తప్పకుండా వస్తాం" అని నోటిమాటగా అనేసి, వీలైతే వెళ్తాం, లేకపోతే లేదు. ఇక్కడ ట్రాంపోలిన్ పార్కు వాళ్ళు పిల్లల తలలు లెక్కపెట్టి డబ్బులు తీసుకుంటారు. వస్తామని మానేస్తే ఆ తల్లికి నష్టం, చెప్పకుండా వెళ్తే ఇబ్బంది. ఆ మెసేజ్‌లోనే మూడు సంగతులు అడిగేయండి. తల్లిదండ్రులు అక్కడే ఉండాలా, పిల్లాణ్ణి దింపి వెళ్ళాలా? చిన్న చెల్లెల్ని కూడా తీసుకురావచ్చా? మూడోది, "వాట్ ఈజ్ హీ ఇంటూ దీజ్ డేస్?" అని, అంటే ఈమధ్య వాడికి ఏమంటే ఇష్టం అని. ఈ మూడో ప్రశ్న అడగడానికి మనవాళ్ళు మొహమాటపడతారు. ఇక్కడ అదేం తప్పు కాదు, అడిగినందుకు సంతోషిస్తారు. డైనోసార్లనో, ఫుట్‌బాలనో, బొమ్మలు గీయడమనో ఒక్క ముక్క చెప్తారు, మీ పని సగం అయిపోతుంది.

ఆరేళ్ళంటే పాలపళ్ళు ఊడే వయసు, మాటలు కూడబలుక్కుని చదివే వయసు. కత్తెరతో గీత మీద కత్తిరించగలరు, ఆటకో రూలుంటుందని తెలుసు. మూడేళ్ళ పిల్లల బొమ్మ ఇస్తే "ఇది బేబీలది" అని మొహమ్మీదే అనేస్తారు. పెద్దపిల్లలది ఇస్తే పది నిమిషాలు కుస్తీ పట్టి, ఏడ్చి, నాన్న చేతిలో పెట్టేస్తారు. అందుకే పెట్టె మీది అంకె చూడమంటాను. లెగో పెట్టెల మీద 4+, 6+, 8+ అని ఉంటుంది. అది తెలివితేటల లెక్క కాదు. ఎన్ని ముక్కలు, ఎంత చిన్నవి, పక్కన పెద్దవాళ్ళ సాయం లేకుండా పిల్ల ఎంతసేపు కూర్చోగలదు అన్న లెక్క. "పిల్లాడు చురుకైనవాడు, 9+ తీసుకుందాం" అని మనవాళ్ళు అనడం షాపులో నేను తరచూ వింటుంటాను. ఆరేళ్ళవాడికి 6+ ఇవ్వండి. తనంతట తను పూర్తి చేసి "అమ్మా, చూడు!" అని అరుస్తాడు చూడండి, ఆ సంబరం కోసమే కదా కొనేది.

ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఒకటుంది. మన తెలుగువాళ్ళం పిల్లల బహుమతి అనగానే చదువు వైపు చూస్తాం. లెక్కల వర్క్‌బుక్, ఎక్కాల చార్టు, అబాకస్, స్పెల్లింగ్ కార్డులు. మంచి మనసుతోనే ఇస్తాం, కాదనను. కానీ పుట్టినరోజున విప్పిన పెట్టెలో హోంవర్క్ ఉంటే ఆ పిల్ల ముఖం ఎలా అయిపోతుందో ఒక్కసారి దగ్గరుండి చూడండి. పిల్ల ఏమీ అనదు. పెట్టె మెల్లగా పక్కకి జరిపి, తర్వాతి దాని రిబ్బన్ లాగుతుంది. వర్క్‌బుక్ తల్లిదండ్రులు ఏ మంగళవారమైనా కొనిపెట్టొచ్చు. పుట్టినరోజు మటుకు ఆటకి వదిలేయండి. కథల పుస్తకం వేరే సంగతి, అది ఎప్పుడైనా మంచి బహుమతే. ఈ వయసుకి పెద్ద అక్షరాలు, పేజీకి రెండు మూడు వాక్యాలు, నిండుగా బొమ్మలు ఉన్నది చూడండి. పుస్తకం ఒక్కటే అయితే వెలితిగా ఉంటుందనిపిస్తే, దాంతోపాటు పుస్తకంలో ఉన్న జంతువు బొమ్మ ఒకటి జతచేయండి. పాతిక డాలర్ల లోపే రెండూ వస్తాయి.

నన్నడిగితే ఆరేళ్ళవాళ్ళకి అన్నిటికన్నా మంచి బహుమతి ఇద్దరు ముగ్గురు కూర్చుని ఆడే ఆట. నాలుగు బిళ్ళలు ఒకే వరసలో పడేలా వేసే కనెక్ట్ ఫోర్ ఉంది, 6+ అని రాసి ఉంటుంది. రూలు ఒక్క నిమిషంలో చెప్పొచ్చు, ఆట పది నిమిషాల్లో అయిపోతుంది. ఊనో అనే పేకల ఆట పెట్టె మీద 7+ అని ఉన్నా, అన్నో అక్కో పక్కనుంటే ఆరేళ్ళవాళ్ళు బాగానే ఆడతారు, ధర కూడా పది డాలర్ల లోపే. ఈ వయసులో పిల్లలకి ఓడిపోవడం చాలా కష్టం. ఓడిపోతానని తెలియగానే బోర్డు తోసేస్తారు, కొత్త రూలు పుట్టిస్తారు, మళ్ళీ మొదట్నుంచి అంటారు. ఇలాంటి ఆట ఇంట్లో ఉంటే ఆ ఓటమి అమ్మా నాన్నల మధ్య కూర్చుని కొంచెం కొంచెంగా అలవాటవుతుంది. టాబ్లెట్‌లో ఆడే ఆటకి ఎదుటి మనిషే ఉండడు.

ఇక్కడే మన వామనగుంటల పీట గుర్తొస్తుంది నాకు. రెండు వరసల్లో ఏడేసి గుంటలు, మడత పెట్టే చెక్క పీట. ఇండియా నుంచి ఎవరైనా వస్తుంటే ఒకటి తెప్పించి పెట్టుకోండి, పెట్టెలో పెద్దగా చోటు తినదు. అమెరికన్ పిల్లలకీ ఇది మరీ కొత్తగా ఉండదు. మంకాలా అని ఆరేసి గుంటల ఆట ఇక్కడ చాలామందికి తెలుసు, ఇది దానికి దగ్గరి చుట్టం. మా ఇంటికొచ్చిన పక్కింటి పాప మొదటిసారి ఆడినప్పుడు గవ్వల్ని ఒక్కొక్కటే గుంటలో వేస్తూ, ఒక్కోదానికీ పెదవులు కదిపి లెక్కపెట్టింది. ఖాళీ గుంట పక్కన నిండు గుంట తగిలి గవ్వలన్నీ తనకి రాగానే పీట మీదికి పడిపోయినంత పని చేసింది. చింతపిక్కలు మాత్రం తేవద్దు, గవ్వలు తీసుకోండి. విత్తనాలు ఏవైనా కస్టమ్స్‌లో చెప్పాల్సిందే, ఆ తంటా ఎందుకు? గవ్వలు దొరక్కపోతే ఇక్కడ క్రాఫ్ట్ షాపుల్లో గాజు గోళీలు బోలెడు. ఆడే పద్ధతి ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసి పెట్టెలో పెట్టడం మర్చిపోకండి.

అలాగే ఏటికొప్పాక బొంగరం. అంకుడు కర్ర మీద లక్క రంగులు పూసి చేస్తారు, 2017లో ఆ ఊరి సరుకే అని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అంచులు గుండ్రంగా ఉంటాయి, పిల్లల చేతికి హాయిగా ఉంటుంది. కొనేటప్పుడు అసలైన లక్క రంగులదేనా అని అడిగి, నమ్మకమైన చోట తీసుకోండి. కొండపల్లి బొమ్మలంటే నాకు ప్రాణమే, కానీ ఆరేళ్ళవాడి చేతికి అవి తగవు. తేలిక పొణికి కర్ర, పైన రంగు. అద్దాల బీరువాలో ఉండాల్సినవి అవి. రెండు రోజుల్లో ఏనుగు తొండం విరిగిపోతే మీకూ బాధ, వాడికీ బాధ.

ఆ ఇంట్లో ఇంకా చిన్నపిల్లలు ఉన్నారేమో కనుక్కోండి. మూడు నుంచి ఆరేళ్ళ లోపు వాళ్ళ బొమ్మల్లో నోట్లో పట్టే చిన్న ముక్కలుంటే, మూడేళ్ళ లోపు వాళ్ళకి ప్రమాదమని పెట్టె మీద హెచ్చరిక ముద్రించడం ఇక్కడ చట్టం. పుట్టినరోజు వాడికి ఆరేళ్ళే అయినా, నేల మీద పాకే తమ్ముడికి ఆ సంగతి తెలీదు. చిన్న చిన్న బలమైన అయస్కాంతాలున్న బొమ్మలు అసలు వద్దు. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని, మధ్యలో పేగుని నొక్కేసి రంధ్రం చేస్తాయి, ఆపరేషన్ దాకా వెళ్తుంది. నీళ్ళలో ఉబ్బే వాటర్ బీడ్స్ కూడా అంతే. కడుపులోకి వెళ్ళాక ఉబ్బుతాయి. 2023 చివర్లో అమెజాన్, వాల్‌మార్ట్, టార్గెట్ వాటిని పిల్లల బొమ్మలుగా అమ్మడం మానేస్తామని ప్రకటించాయి. బ్యాటరీతో నడిచే బొమ్మ అయితే బ్యాటరీ మూతకి స్క్రూ ఉందో లేదో చూడండి. బిళ్ళ బ్యాటరీ మింగితే గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది. ప్లేడో లాంటి మెత్తటి ముద్దలో గోధుమ పిండి ఉంటుంది, ఎలర్జీ ఉన్న పిల్లలుంటారు కాబట్టి అడిగి కొనండి. ఎలర్జీ కారణంగానే తినే వస్తువులు, ముఖ్యంగా జీడిపప్పు, వేరుశనగ పడ్డ మన స్వీట్లు బహుమతిగా వద్దు.

బొమ్మ తుపాకులు కూడా వద్దు. కొన్ని ఇళ్ళలో పట్టించుకోరు, కొన్ని ఇళ్ళలో గుమ్మం దాటనివ్వరు. ఏ ఇల్లు ఎలాంటిదో మనకి తెలీదు. బట్టలు దగ్గరివాళ్ళయితేనే కొనండి, సైజు ఊహించడం కష్టం.

ఇక డబ్బుల సంగతి. అమెరికన్ పిల్లల పార్టీలో కవర్లో నోట్లు పెట్టడం పెద్దగా కనపడదు. గిఫ్ట్ కార్డ్ ఇవ్వొచ్చు, తప్పులేదు, కానీ ఆరేళ్ళవాడికి ప్లాస్టిక్ కార్డు చూస్తే ఏం అర్థమవుతుంది? ఆహ్వానంలో ఫైవర్ పార్టీ అని ఉంటే అయిదు డాలర్లే పెట్టాలి. అందరూ తలా అయిదు వేస్తే వాడు కోరుకున్న ఒక్క పెద్ద వస్తువు కొంటారు. అందులో ఇరవై పెట్టి ఉదారత చూపించొద్దు. "నో గిఫ్ట్స్ ప్లీజ్" అని రాస్తే నిజంగానే వద్దని. మన మర్యాద ప్రకారం వాళ్ళు వద్దంటారు, మనం తీసుకెళ్తాం. ఇక్కడ అలా తీసుకెళ్తే మాట విని ఉత్తచేతులతో వచ్చినవాళ్ళంతా ఇబ్బంది పడతారు. మీ అబ్బాయి చేత ఒక కార్డు గీయించండి, వంకర అక్షరాలతో పేరు రాయించండి, చాలు.

మన తెలుగువాళ్ళ పార్టీలు వేరు. హాల్లో రెండొందల మంది, భోజనాలు, కవర్లు. యాభై ఒకటో, నూట ఒకటో పెడతారు, ఆ పైన ఒకటి మానరు. స్నేహితులకి మీ శక్తి కొద్దీ పెట్టండి, ఎవరెంత పెట్టారని నోట్‌బుక్‌లో రాసుకునే పోటీలోకి మాత్రం దిగకండి. హెచ్1బీ మీద ఒక్క జీతంతో బతుకుతూ, నెలకి నాలుగు పార్టీలకి వందేసి పెట్టి, నెలాఖరుకి క్రెడిట్ కార్డు మీద సరుకులు తెచ్చుకుంటున్న జంటల్ని చూశాను. నాకు మనసుకి కష్టంగా ఉంటుంది. సొంత అన్నయ్య కూతురో, అక్క కొడుకో అయితే వాళ్ళ అమ్మానాన్నలని 529 ఖాతా ఉందేమో అడగండి. అది కాలేజీ చదువు కోసం దాచే ఖాతా, బంధువులు కూడా అందులో వేయొచ్చు. దాంతోపాటు చేతికి ఒక చిన్న బొమ్మ ఇవ్వండి.

పార్టీ రోజు సంగతులు. కొన్నప్పుడు గిఫ్ట్ రిసీట్ అడిగి తీసుకోండి, అందులో ధర కనపడదు, అదే బొమ్మ రెండోది వస్తే వాళ్ళు మార్చుకుంటారు. టార్గెట్‌లో విప్పని వస్తువులు చాలావరకు 90 రోజుల లోపు తిరిగి తీసుకుంటారు. రంగు కాగితం చుట్టడం రాకపోతే డాలర్ ట్రీలో గిఫ్ట్ బ్యాగు, టిష్యూ కాగితం దొరుకుతాయి. కార్డుని బ్యాగుకి టేప్‌తో అంటించి, లోపల కూడా మీవాడి పేరు రాయండి. ఒకే బల్ల మీద పాతిక బ్యాగులుంటాయి, కార్డులు జారి కింద పడతాయి. ట్రాంపోలిన్ పార్కు అయితే ముందురోజే ఆన్‌లైన్‌లో వేవర్ మీద, అంటే దెబ్బ తగిలితే పార్కుని అడగమనే ఒప్పుదల కాగితం మీద, సంతకం చేసేయండి, పట్టు ఉండే సాక్సులు కావాలా అని కూడా చూడండి.

వెళ్ళగానే బహుమతి ఆ బల్ల మీద పెట్టేయాలి. అక్కడ విప్పరు, ఇంటికెళ్ళాక విప్పుతారు. మీది విప్పి చూడలేదని మనసులో పెట్టుకోకండి. రెండు గంటల్లో ఆట, పిజ్జా, కేకు అయిపోతాయి, ఆలస్యంగా వెళ్తే కేకు కూడా అందదు. వచ్చేటప్పుడు మీవాడి చేతిలో ఒక చిన్న సంచి పెడతారు, మనం రిటర్న్ గిఫ్ట్ అనేది, వీళ్ళు గూడీ బ్యాగ్ అంటారు. వారం పది రోజుల తర్వాత థాంక్యూ కార్డు రావచ్చు, రాకపోవచ్చు. మీవాడి పుట్టినరోజు వచ్చినప్పుడు ఎవరైనా "ఏం ఇష్టం?" అని అడిగితే "అయ్యో, ఏమీ వద్దండీ" అనకండి. "రైళ్ళంటే ఇష్టం, రంగులు వేస్తాడు" అని రెండు ముక్కలు చెప్పండి. అడిగినవాళ్ళకి ఇప్పుడు మీరు పడుతున్న టెన్షన్ ఉండదు.