గుంటూరు వైపు లూథరన్ పిల్లలు వరంగల్‌లో చదువుకుంటే ఆరాధనకు ఎక్కడికి వెళ్లాలి?

వందనాలండి. మీ అమ్మాయికి నిట్ వరంగల్‌లో సీటు వచ్చిందని, అక్కడ మన లూథరన్ విద్యార్థుల సహవాసం ఏదైనా ఉందా అని అడిగారు. మాదీ బాపట్ల వైపు ఏఈఎల్‌సీ (ఆంధ్రా ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) కుటుంబమే. నేను చదివింది హనుమకొండలో. నేనున్న రోజుల్లో లూథరన్ పేరుతో నడిచే విద్యార్థి బృందం నాకు కనబడలేదు. అయినా ఏ ఆదివారమూ హాస్టల్ గదిలో కూర్చోవాల్సిన అవసరం రాలేదు.

మన సంఘాలు అటువైపు పలచగా ఉండటానికి కారణం పాత మిషన్ల పంపకమే, అంటే ఒక్కో ప్రాంతంలో ఒక్కో మిషన్ పనిచేయడం. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరులో పని మొదలుపెట్టాడు, అందుకే మన తాతలు లూథరన్లయ్యారు. హనుమకొండ అమెరికన్ బాప్టిస్టులకు, కరీంనగర్ వైపు వెస్లియన్ మెథడిస్టులకు, డోర్నకల్ ఆంగ్లికన్లకు వచ్చాయి. 1947లో ఆంగ్లికన్లూ వెస్లియన్ మెథడిస్టులూ సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కలిసిపోయారు. బాప్టిస్టులూ మన ఏఈఎల్‌సీ కలవలేదు.

కాబట్టి ఆరాధన క్రమానికి అలవాటుపడ్డ పిల్లకు ఆదివారం సీఎస్ఐ గుడి దగ్గరగా అనిపిస్తుంది. పాపపు ఒప్పుకోలు, విశ్వాస ప్రమాణం, సువార్త చదివేటప్పుడు లేచి నిలబడటం, అన్నీ తెలిసినవే. మాటలు అక్కడక్కడ మారతాయి, ఒకటి రెండు వారాలు పుస్తకం చూసుకుంటే సరి. పాడేది మనం చిన్నప్పటి నుంచి పాడే కీర్తనలే. ప్రభురాత్రి భోజన సంస్కారం తీసుకోవడం సంగతి మాత్రం ముందుగా అక్కడి పాస్టరు గారిని అడగమనండి. మీ పాస్టరు గారి చేత ఒక పరిచయ ఉత్తరం రాయించి ఇస్తే ఆ అమ్మాయికి మొహమాటం తగ్గుతుంది.

బాప్టిస్టు గుళ్లకూ నేను వెళ్లాను. వాక్యం బాగా చెబుతారు, కొత్తవాళ్లను ఇట్టే కలుపుకుంటారు. చిక్కల్లా బాప్తిస్మం దగ్గర వస్తుంది. "చిన్నప్పుడు నీళ్లు చల్లితే అది బాప్తిస్మం కాదు, ముంచి ఇచ్చేదే అసలైనది" అని ఒక సీనియర్ అక్క నన్ను నెలల తరబడి వదల్లేదు. ఆమె ప్రేమగానే అనేది, కానీ మొదటి ఏడాది ఇంటికి దూరంగా ఉన్న పిల్లకు అదొక టెన్షన్. మన వైపు నుంచి జవాబు కష్టమేం కాదు. బాప్తిస్మం మనం దేవునికి చేసే ప్రమాణం కంటే ముందు దేవుడు మనకు చేసినది. ఆ వాగ్దానం వయసు చూడదు, అందుకే రెండోసారి తీసుకోం. విశ్వాసాన్ని ప్రశ్నలు, జవాబులుగా నేర్పే 1529 నాటి లూథర్ చిన్న ప్రశ్నోత్తరిలో ఆ భాగం అరగంటలో అయిపోతుంది. బయలుదేరే ముందు మీరిద్దరూ కలిసి ఒకసారి చదవండి. కన్ఫర్మేషన్ క్లాసులో బట్టీపట్టింది అప్పుడు అర్థమవుతుంది.

వారం మధ్యలో తోడు కోసం ఈయూ (ఇవాంజెలికల్ యూనియన్) వాళ్లను వెతకమనండి. 1954లో మొదలైన యూఈఎస్ఐకి (యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా) చెందిన విద్యార్థి బృందాలవి. అన్ని సంఘాల పిల్లలూ వస్తారు, బైబిలు స్టడీ, ప్రార్థన విద్యార్థులే నడుపుకుంటారు. నాకు మంచి స్నేహితులు దొరికింది అక్కడే. కానీ అది సంఘం కాదు, సంస్కారాలుండవు. ఈయూ మీటింగుకు వెళ్లొచ్చాను కదా అని ఆదివారం గుడి మానేసే పిల్లలు చాలామంది ఉంటారు. ఇంకోటి, హాస్టల్ గదిలో గట్టిగా పాటలూ ప్రార్థనలూ పెట్టుకుంటే పక్కగదులవాళ్లకు ఇబ్బంది, వార్డెన్‌తో గొడవ. మేము నలుగురైదుగురం కోస్తా వైపు అమ్మాయిలం శనివారం సాయంత్రం బయట ఒక అక్క ఇంట్లో కలిసేవాళ్లం. మరుసటి రోజు గుడిలో చదివే బైబిలు పాఠాలు చదువుకోవడం, ప్రశ్నోత్తరి నుంచి ఒక ప్రశ్న, ప్రభువు ప్రార్థన, అంతే. టీ తాగేసి వెళ్లిపోయేవాళ్లం.

కాజీపేట నుంచి విజయవాడ వచ్చే రైలు డోర్నకల్ మీదుగానే వస్తుంది. ఏదో ఒక సెలవులో అక్కడ దిగి ఎపిఫనీ కెథడ్రల్ చూడమనండి. 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య కట్టించిన గుడి అది, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. గుడిలో దేవాలయ, మసీదు శిల్పరీతులు రెండూ కనిపిస్తాయి. ఇంజినీరింగ్ పిల్ల కదా, ఇంకా ఇష్టపడుతుంది.

మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది. ఆ వారం వరంగల్ బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు, ఇంటి ప్రయాణం ఆ రోజుల్లో పెట్టుకోవద్దని ఇప్పుడే చెప్పండి.