మొదటి 5 లక్షలు ఇవ్వని పాలసీ ఎందుకు?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మావారి కంపెనీ మా నలుగురికీ కలిపి 5 లక్షల హెల్త్ పాలసీ ఇచ్చింది. దాని మీద 20 లక్షల సూపర్ టాప్-అప్ తీసుకోమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. ఏడాదికి 6,200 అట. కానీ మొదటి 5 లక్షల బిల్లుకు అందులోంచి పైసా రాదట. అలాంటిదానికి డబ్బు కట్టడం దండగ కాదా? ఫోన్లకు, టీవీకి, వాషింగ్ మెషిన్‌కు మాత్రం ప్లాన్లు తీసుకున్నాం. ఈ ఏడాది 9,400 అయింది. మావారికి బీపీ ఉంది.

జవాబు: మీరు దండగ అనుకుంటున్నదే మీకు కావాల్సిన పాలసీ. నన్నడిగితే ఆ 9,400 దండగ.

కెనెత్ యారో అనే అమెరికన్ ఆర్థికవేత్త 1963లో వైద్య ఖర్చుల మీద ఒక పరిశోధనా వ్యాసం రాశారు. 1972లో నోబెల్ అందుకున్నవారిలో ఆయన ఒకరు. బీమా కంపెనీ తన ఖర్చులూ లాభమూ కలుపుకునే ప్రీమియం వేస్తుంది కదా. అలాంటప్పుడు కట్టే ప్రీమియానికి మనకు ఎక్కువ మేలు చేసే పాలసీ ఏదో ఆయన లెక్క కట్టి చూపించారు. ఒక హద్దు దాకా నష్టం మనం పడి, ఆ పైదంతా కంపెనీకి వదిలేసే పాలసీ అది. ఆ హద్దే డిడక్టిబుల్. 3,000 రిపేరుకు మనం రోడ్డున పడం. 18 లక్షల ఆసుపత్రి బిల్లు వస్తే ఫ్లాట్ అమ్ముకోవాలి.

మనుషులం మాత్రం దీనికి తలకిందులుగా చేస్తాం. జస్టిన్ సిడ్నర్ అనే ఆర్థికవేత్త అమెరికాలో 50,000 ఇంటి బీమా పాలసీలు పరిశీలించి 2010లో ఒక వ్యాసం ప్రచురించారు. డిడక్టిబుల్‌ను 1,000 డాలర్ల నుంచి 500కు తగ్గించుకోవడానికి జనం ఏడాదికి దాదాపు 100 డాలర్లు ఎక్కువ కట్టారు. క్లెయిమ్ చేసేది నూటికి అయిదుగురు కూడా లేరు. అంటే సగటున పాతిక డాలర్లు కూడా చేయని రక్షణకు వంద పోశారన్నమాట. మీ ఫోన్ స్క్రీన్ ప్లాన్ కూడా అలాంటిదే.

నేనూ అదే చేశాను. 2020 అక్టోబర్ వానలకు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నడుముదాకా నీళ్లు నిలిచాయి. నీళ్లు తోడేశాక, కారు సీటు ఇంకా తడిగా ఉండగానే తాళం తిప్పాను. టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. ఇంజిన్‌లోకి నీళ్లు పోయాయి. బంపర్ గీతల కోసం జీరో డెప్ (పార్టుల తరుగుదల కోయకుండా ఇచ్చే అదనపు కవర్) కట్టాను గానీ, ఇలాంటి ఇంజిన్ నష్టానికి ఇచ్చే ఇంజిన్ ప్రొటెక్ట్ వద్దన్నాను. 1,40,000 నేనే పెట్టుకున్నాను. ఆ బిల్లు ఇప్పటికీ దాచుకున్నాను.

మళ్లీ మీ విషయానికి వద్దాం. ఆ మొదటి 5 లక్షలు మీ చేతి నుంచే పెట్టాలని లేదు, కంపెనీ పాలసీ కట్టినా లెక్కే. టాప్-అప్ కాకుండా సూపర్ టాప్-అప్పే తీసుకోండి. టాప్-అప్‌లో ప్రతి అడ్మిషన్ బిల్లూ విడిగా 5 లక్షలు దాటాలి. సూపర్‌లో ఏడాది బిల్లులన్నీ కలిపి దాటితే చాలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీలకు జీఎస్టీ లేదు. కొటేషన్‌లో ఉంటే ఎందుకని అడగండి.

నాకున్న టెన్షన్ ఒక్కటే. కంపెనీ పాలసీ ఉద్యోగం ఉన్నన్నాళ్లే. ఆ తర్వాత 5 లక్షలూ మీ మీదే పడతాయి, అది మీకు చిన్న మొత్తం కాదు. వచ్చే ఏడాది నుంచి ఆ 9,400 ప్లాన్లు ఆపేసి, ఇంకొంత కలిపి, ఆ మొదటి 5 లక్షల కోసం సొంతంగా ఒక బేస్ పాలసీ మొదలుపెట్టండి. ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్, అంటే క్లెయిమ్ ఇవ్వని కాలం, మూడేళ్ల దాకా ఉండొచ్చు. ఆ గడియారం మీరు చేరిన రోజు నుంచే తిరుగుతుంది.

ప్రపోజల్ ఫారం ఏజెంటుకు వదిలేయకండి. బీపీ ఎప్పటినుంచి ఉందో, ఏ మాత్ర వేసుకుంటున్నారో మీవారిని పక్కన కూర్చోబెట్టుకుని మీరే నింపండి. దాచిన బీపీ బయటపడేది క్లెయిమ్ రోజునే. అయిదేళ్లు ఆపకుండా కట్టాక మోసం రుజువైతే తప్ప ఆ సాకుతో తిరస్కరించకూడదు గానీ, ఆసుపత్రి ఆ అయిదేళ్లలోపే రావచ్చు.