రామన్ స్పెక్ట్రోస్కోపీ, మెషీన్ లెర్నింగ్‌తో ప్లేటు మీదే మంచి కాలనీలను ఏరుకోవచ్చా?

రోడోటొరులా ఈస్ట్ కాలనీలు (ప్లేటు మీద పెరిగే చుక్కలు) వందల్లో ఉన్నాయి, కెరోటినాయిడ్ (ఎరుపు, నారింజ రంగునిచ్చే పదార్థం) ఎక్కువ చేసేవేవో ప్రతిదాన్నీ ఫ్లాస్కులో పెంచి హెచ్‌పీఎల్‌సీకి (పదార్థాలను విడదీసి ఎంతుందో కొలిచే యంత్రానికి) పంపకుండా తేల్చుకోవచ్చా అని కదా మీ ప్రశ్న? తేల్చుకోవచ్చండి. నా పీహెచ్‌డీలో రెండేళ్లు ఈ పనికే పోయాయి.

రంగు కంటికే కనిపిస్తుందిగా, ఈ హంగామా ఎందుకు అని మా ల్యాబ్‌లో అందరూ అన్నారు, నాతో సహా. కానీ కాలనీ ఒత్తుగా పెరిగినా ఎర్రగానే కనిపిస్తుంది. రామన్‌లో, అంటే లేజర్ వేసి చెదిరి వచ్చే కాంతిని కొలిచే పద్ధతిలో అయితే, 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌ను కెరోటినాయిడ్లు బాగా పీల్చుకుంటాయి కాబట్టి రెసొనెన్స్ వల్ల (సిగ్నల్ బాగా పెరిగి) 1155, 1520 వేవ్‌నంబర్ల (చెదిరిన కాంతి ఎంత మారిందో చెప్పే కొలత) దగ్గర పీకులు నిటారుగా లేస్తాయి. 1005 దగ్గర ఇంకో చిన్నది. పవర్ మాత్రం తగ్గించి పెట్టండి, లేకపోతే లేజర్ పడ్డచోట రంగు వెలిసిపోయి రెండోసారి కొలత తగ్గుతుంది.

ఆ 1005 దగ్గరే నేను బోల్తా పడ్డాను. కంటామినేషన్ భయంతో పెట్రీ ప్లేటు మూత తీయకుండానే లేజర్ వేశాను. సన్నటి, అందమైన పీక్ వచ్చింది, ప్రతి కాలనీకీ. వారం తర్వాత విసుగొచ్చి ఖాళీ ప్లేటు పెట్టి చూస్తే అదే పీక్! మూత పాలీస్టైరీన్, దాని పీక్ 1001 దగ్గర ఉంటుంది. వారమంతా ప్లాస్టిక్‌ను కొలిచానన్నమాట.

ఈ పీకులను చూసి మంచి కాలనీ ఏదో చెప్పే మెషీన్ లెర్నింగ్ మోడల్‌తోనూ ఇదే కథ. స్పెక్ట్రాలను (ఒక్కో కాలనీకి వచ్చిన పీకుల గ్రాఫులను) యాదృచ్ఛికంగా ట్రైనింగ్, టెస్ట్ అని విడదీస్తే నూటికి తొంభైకి పైనే సరిగ్గా చెప్పింది. కొత్త ప్లేటు ఇస్తే బొమ్మా బొరుసూ వేసినట్టే. మంచి స్ట్రెయిన్ల (ఈస్టు రకాల) ప్లేట్లన్నీ ఒక వారం పోశాను, మిగతావి తర్వాతి వారం. అది నేర్చుకున్నది అగార్ (ప్లేటులో పోసే జెల్లీ) మందాన్ని, ఈస్టును కాదు. టెస్టుకు ప్లేట్లకు ప్లేట్లే, వేరే రోజువి, పక్కన పెట్టండి. ప్రతి ప్లేటు మీదా ఒక మంచి స్ట్రెయిన్, ఒక నాసిరకం స్ట్రెయిన్ గీయండి. యంత్రం కొలత సరిగ్గా ఉందో తెలియడానికి పొద్దున్నే సిలికాన్ ముక్క పెట్టి పీక్ 520.5 దగ్గరే ఉందో లేదో చూడండి. కొన్ని వందల కాలనీలకు డీప్ లెర్నింగ్ అక్కర్లేదు, పీఎల్‌ఎస్ రిగ్రెషన్ (తక్కువ డేటాకూ సరిపోయే మామూలు గణాంక పద్ధతి) చాలు.

ఇంకొకటి. అగార్ మీద మెరిసే కాలనీ ఫ్లాస్కులో బద్ధకించవచ్చు. అందుకే మోడల్ పైకి తెచ్చిన పదింటితో పాటు అది తోసేసిన రెండు మూడింటిని కూడా ఫ్లాస్కులో పెంచి చూడండి. మా రెండో బ్యాచ్‌లో అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చింది అలా తోసేసిన వాటిలో ఒకటే.