ఫార్మకాలజీ చదివితే ఎలుకల్ని చంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఫార్మసీ పూర్తి చేసి, ఎంఫార్మసీ ప్రవేశ పరీక్ష జీప్యాట్‌లో క్వాలిఫై అయింది. ఎంఫార్మసీలో, మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చూసే ఫార్మకాలజీయే చదువుతానంటోంది. ఎలుకలకు విషమిచ్చి, విరుగుడిచ్చి, చివరికి చంపి లివర్ చూడాలట. ఆడపిల్లకు ఇదేం చదువు? పాపం కూడా. పారాసిటమాల్ ఓవర్‌డోస్‌కు జంతువుల మీద పరీక్షించిన చికిత్సల్ని పోలుస్తూ ప్రాజెక్టు రాసి, మందు ముందే ఇచ్చిన ప్రయోగాల్ని లెక్కలోకి తీసుకోకూడదని గైడ్‌తో వాదించింది కూడా. నేను అమీర్‌పేటలో ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల మీద నిఘా) కోర్సుకు అడ్వాన్స్ కట్టాను. ఏది మంచిది?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఏటా అడ్మిషన్లప్పుడు ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. పైకి ఎలుకల మాట, లోపల ఉద్యోగం, పెళ్లి సంబంధాల టెన్షన్. మీరు ఫిర్యాదుగా రాసిన ఆ వాదన చూశాక నాకైతే మీ అమ్మాయి గురించి బెంగ లేదు.

ఆమె ఏమందో చూడండి. పారాసిటమాల్ మోతాదు మించితే లివర్‌లో ఒక విషపదార్థం ఎక్కువగా తయారై, లివర్‌ను కాపాడే గ్లూటాథయోన్ అనే పదార్థం నిల్వల్ని ఖాళీ చేస్తుంది. ఎన్-అసిటైల్‌సిస్టీన్ ఆ నిల్వల్ని మళ్లీ నింపుతుంది. 1970ల నుంచి ఆస్పత్రుల్లో ఇస్తున్న విరుగుడు ఇదే. మింగిన ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే లివర్ దాదాపుగా దక్కుతుంది. మన కాలేజీల్లో చాలా థీసిస్‌లు ఏదో ఆకు రసాన్ని ఎలుకకు వారం ముందు నుంచే పట్టించి, ఆ తర్వాత పారాసిటమాల్ ఇచ్చి, లివర్ బాగుంది కాబట్టి మందు పనిచేసిందని రాస్తాయి. మాత్రలు మింగబోయే మనిషి వారం ముందే వచ్చి కషాయం తాగుతాడా? పైగా ఆ రసం విషం తయారుకాకుండానే అడ్డుపడి ఉండొచ్చు. అది విరుగుడు కాదు. జంతువును బట్టి కూడా ఫలితం మారుతుంది: పారాసిటమాల్‌ను పెద్ద ఎలుకలు బాగా తట్టుకుంటాయి, చిట్టెలుకలు తట్టుకోలేవు. డిగ్రీలోనే ఇలా ప్రశ్నించే పిల్లలు నాకు అరుదుగా కనిపిస్తారు.

ఇక మీరు అడ్వాన్స్ కట్టిన కోర్సు. ఫార్మకోవిజిలెన్స్ తక్కువ పనేం కాదు, మందుల దుష్ప్రభావాల్ని కనిపెట్టి ఉండటం అవసరమే. నా అనుమానం ఆ సర్టిఫికెట్ మీద. మొదట్లో ఇచ్చే పని ఎక్కువగా రిపోర్టులు నమోదు చేయడం, వాటికి కోడ్‌లు వేయడం. సాఫ్ట్‌వేర్ ముందుగా లాక్కునేది అలాంటి పనినే. కంపెనీలు మామూలు బీఫార్మసీ వాళ్లను తీసుకుని తామే నేర్పుకుంటాయి కూడా. ఫార్మకాలజీ చదివినా తర్వాత అటు వెళ్లొచ్చు. అటు నుంచి ల్యాబ్‌కు తిరిగి రావడం కష్టం. అమ్మాయిని అడగకుండా డబ్బు కట్టి, ఇప్పుడు ఏది మంచిదని నన్నడిగితే ఎలా అండీ?

పాపం సంగతంటారా, మీ ఇంట్లో మందుల డబ్బా తెరవండి. అందులోని మాత్రలు ఏదో ఒక దశలో జంతువుల్ని దాటి వచ్చినవే. ఇష్టమొచ్చినట్టు చంపడానికీ లేదు. ఎన్ని జంతువులు, ఎందుకు, నొప్పి ఎలా తగ్గిస్తారు అన్నది ఎథిక్స్ కమిటీ ముందే చూస్తుంది. 2023లో మన నిబంధనలు మారి, కణాల మీద, అవయవ నమూనాల మీద చేసే పరీక్షలకూ దారి వచ్చింది. అందుకని రెండూ నేర్చుకోమనండి. మొదటి రోజు చేతులు వణుకుతాయి, అది మామూలే. అస్సలు పడకపోతే కణాల మీద పని చేసే గైడ్ దగ్గరికి మారొచ్చు.

సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఆమోదమున్న కాలేజీ అయితే జీప్యాట్ వాళ్లకు నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంటుంది. సీటు తీసుకునే ముందు ఆమెనే వెళ్లి ప్రయోగ జంతువుల్ని ఉంచే యానిమల్ హౌస్ చూడమనండి, దానికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగమనండి. సీనియర్ల థీసిస్ ఒకటి తెరిచి, విరుగుడు విషానికి ముందిచ్చారా తర్వాత ఇచ్చారా చూడమనండి. మీరు మాత్రం ఆ అడ్వాన్స్ వెనక్కి ఇస్తారేమో కనుక్కోండి.