ఎఫ్-జీరోలో బండి ఆలస్యంగా తిరుగుతుంటే
పాత డబ్బా టీవీలో బాగానే నడిచిన ఎఫ్-జీరో అనే రేసింగ్ వీడియో గేమ్, కొత్త ఎల్‌ఈడీ టీవీకి పెట్టాక మలుపుల్లో బండి ఆలస్యంగా తిరిగి గోడను గుద్దుతోందన్నారు కదా. కంట్రోలర్ మార్చకండి, పాపం దాని తప్పేమీ లేదు. ఈ ఆట నడిచే పాత గేమ్ మెషీన్ సూపర్ నింటెండో పంపేది 240పీ సిగ్నల్, అంటే ప్రతి ఫ్రేములో 240 గీతలూ ఒకేసారి వచ్చే బొమ్మ. చాలా కొత్త టీవీలు దాన్ని 480ఐ (సగం సగం గీతలుగా రెండు విడతల్లో వచ్చే బొమ్మ) అనుకుని ఆ సగాలను కలిపే పని పెట్టుకుంటాయి. ఆ జాప్యమే మీ చేతికి తెలుస్తోంది. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్‌ల పాత టీవీ పద్ధతి) మెషీన్‌లో ఈ ఆట సెకనుకు 60 ఫ్రేములతో పరిగెడుతుంది, మూడు ఫ్రేములు వెనకబడినా మలుపు చేజారినట్టే.

ముందు టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేసి, మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ ఆపేయండి. అదీ చాలకపోతే 240పీని సరిగ్గా గుర్తుపట్టే అప్‌స్కేలర్ (పాత సిగ్నల్‌ని కొత్త టీవీకి తగ్గట్టు పెంచే పెట్టె) తీసుకోండి. చౌక హెచ్‌డీఎంఐ కన్వర్టర్లు వద్దు, వాటిలో చాలావరకు అదే పొరపాటు చేస్తాయి. డబ్బా టీవీ ఇంకా పనిచేస్తుంటే మాత్రం దయచేసి పారేయకండి, ఇంత వేగమైన ఆటకి అదే అన్నిటికన్నా మేలు.