మెంటర్ నుంచి ఏం ఆశించాలి, ఆయన మీ నుంచి ఏం ఆశిస్తారు?

మహబూబ్‌నగర్‌లో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్నానని, కళాశాలవారు ఒక ఫార్మా ఉద్యోగిని మెంటర్‌గా కేటాయించారని, ఆయనను ఏం అడగవచ్చో, ఏం అడగకూడదో తెలియడం లేదని మీరు రాశారు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో క్వాలిటీ కంట్రోల్ విభాగంలో పనిచేస్తూ, కొన్నేళ్లుగా పాలమూరు యూనివర్సిటీ పరిధిలోని విద్యార్థులకు మెంటర్‌గా ఉంటున్నాను కనుక, నా అనుభవం మేరకు సమాధానం ఇస్తున్నాను.

ముందుగా ఉద్యోగం సంగతి. మీ మెంటర్ ఉద్యోగం ఇప్పించే మనిషి అనుకోవద్దు. ఖాళీ ఉన్నప్పుడు రెజ్యూమెను హెచ్‌ఆర్ విభాగానికి పంపగలరు, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో ముందే చెప్పగలరు. ఎంపిక మాత్రం ఆయన చేతిలో ఉండదు. ఈ విషయం ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి ఉంచండి, ఎందుకంటే "సార్‌ను గట్టిగా పట్టుకో" అనే ఒత్తిడి సాధారణంగా అక్కడినుంచే మొదలవుతుంది.

నాకు వచ్చే సందేశాల్లో చాలావరకు "హాయ్ సార్" దగ్గరే ఆగిపోతాయి. ప్లాంటు లోపలికి ఫోన్ అనుమతించరు. షిఫ్టు ముగించుకొని బయటికి వచ్చి అది చూసి, ఏం కావాలని అడిగి, మళ్లీ జవాబు కోసం ఎదురుచూస్తే రెండు రోజులు గడిచిపోతాయి. "హెచ్‌పీఎల్‌సీ గురించి చెప్పండి" అన్నా (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి అది) ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. ఒక అమ్మాయి మాత్రం, ఒకే నమూనాను రెండుసార్లు నడిపితే రిటెన్షన్ టైమ్ (పదార్థం కాలమ్ అనే గొట్టం దాటి బయటికి రావడానికి పట్టే సమయం) ఎందుకు మారుతుందని అడిగి, మొబైల్ ఫేజ్ (కాలమ్ గుండా పారే ద్రావకాల మిశ్రమం) నిష్పత్తి గానీ కాలమ్ ఉష్ణోగ్రత గానీ కారణం కావచ్చని తన ఊహను కూడా కింద రాసింది. ఫ్లో రేటును (అది పారే వేగాన్ని) కూడా చూడమని ఒక్క వాక్యం చేరిస్తే సరిపోయింది, ఆ తర్వాతి సంభాషణంతా అక్కడినుంచే సాగింది. ప్రశ్న తెలుగులో అడిగినా ఏ నష్టమూ లేదు. ఇంగ్లీషు రాదన్న బెరుకుతో అసలు అడగకుండా ఉండిపోయేవారే ఎక్కువ.

పాఠ్యపుస్తకంలో లేని పని అలవాట్లను మీరు ధైర్యంగా ఆశించవచ్చు. ఒక విద్యార్థి ప్రాక్టికల్ రికార్డులో బ్యూరెట్ రీడింగ్ 10.2ను 10.4గా అంకె మీదే దిద్ది ఉంది. ఫార్మా ల్యాబ్‌లో అలా దిద్దకూడదు, వైట్‌నర్ అసలే వాడకూడదు. పాత అంకె కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె, కారణం, సంతకం, తేదీ రాయాలి. అయిదు నిమిషాల్లో చెప్పగలిగిన ఈ సంగతిని ఇంటర్వ్యూల్లో తరచుగా అడుగుతారు.

కంపెనీ ఎస్‌వోపీ పత్రాలు (ఏ పని ఎలా చేయాలో రాసిన సూచనలు), బ్యాచ్ రికార్డులు (ఒక్కో విడత తయారీ వివరాలు), ల్యాబ్ ఫోటోలు మాత్రం ఎప్పుడూ అడగవద్దు. అవి బయటికి ఇస్తే మెంటర్ ఉద్యోగానికే ముప్పు. ప్రాజెక్టు రిపోర్టు రాసిపెట్టమని అడగడం కూడా తగదు, మీరు రాసినది చదివి లోపాలు చూపమని కోరవచ్చు.

సమయం విషయంలో మీ నుంచి ఆయన ఆశించేది చాలా తక్కువ. రాలేకపోతే ముందురోజే చెప్పాలి, గతసారి ఇచ్చిన పని ఎంతవరకు వచ్చిందో మీరే ప్రస్తావించాలి. నైట్ షిఫ్టు చేసి వచ్చిన మనిషికి ఉదయం పదింటికి ఫోన్ చేయవద్దు. ఏ వారం ఏ షిఫ్టో ఒక్కసారి అడిగి రాసుకుంటే చాలు.

ఆయన వైపు బాధ్యత కూడా ఉంది. పని గంటలు, మొదటి జీతం, నిలబడి చేసే పని, ద్రావకాల దగ్గర పాటించాల్సిన జాగ్రత్తలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి. ఉద్యోగం పేరుతో ఎవరు డబ్బు అడిగినా, మెంటర్ అడిగినా సరే, ఇవ్వకుండా వెంటనే కళాశాలకు తెలియజేయండి. రెండు మూడు వారాలు ఎంత ప్రయత్నించినా ఆయన అందుబాటులోకి రాకపోతే నొచ్చుకోకుండా మీ అధ్యాపకులతో చెప్పి మరొకరిని కేటాయించమని కోరండి. మాలోనూ పని ఒత్తిడి వల్ల ఒప్పుకున్న మాట నిలుపుకోలేనివారు ఉంటారు.